పేరున్న ముఖం

బొమ్మ గీయడం వేరు, ఒక మనిషి రూపచిత్రం గీయడం వేరు. రూపచిత్రం కింద పేరుంటుంది. కళలో కులం సంగతి ఈ చిన్న తేడా దగ్గరే మొదలవుతుందని మేం అనుకుంటున్నాం.

రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాల మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఆయన బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. 28వ ఏట మశూచితో పోయారు. ఆయన చేతి పనితనం మీద మాకు పేచీ లేదు. 'సిద్ధార్థ రాగోదయం' లాంటి చిత్రాలతో ఆంధ్ర చిత్రకళకు సొంత రూపం వచ్చిందంటారు. ఆ ఆంధ్రత్వం ఎవరి ఇళ్లలోది అన్నదే మా ప్రశ్న. ఆ కాలంలోనే, అదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. కళాచరిత్ర రాసినవాళ్లు ఈ రెంటినీ ఒకచోట పెట్టి చూసింది తక్కువ.

మరి మన ముఖాలు అప్పట్లో ఎక్కడున్నాయి? దొరల పుస్తకాల్లో ఉన్నాయి. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. తల పొడవెంత, ముక్కు వెడల్పెంత అని కొలిచాడు. ఫోటోల కింద మామూలుగా ఉండేది కులం పేరే. ఎదురుగా నిలబడ్డ మనిషిని పేరు అడిగిన జాడ కనపడదు.

పేరుతో సహా ఒక ముఖాన్ని నిలబెట్టుకున్నది పేటల జనమే. కారంచేడు (1985) తర్వాత, అంబేడ్కర్ శతజయంతి (1991) తర్వాత డెల్టా అంతటా చందాలేసుకుని విగ్రహాలు పెట్టుకున్నారు. కోనసీమలో కొత్తపేట విగ్రహాల తయారీకి పేరుపడ్డ ఊరే. చాలాచోట్ల మాత్రం సిమెంటు బొమ్మే దిక్కు. పోలిక కుదరలేదని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీండి. కళ్లద్దాలు, నీలం కోటు, చేతిలో పుస్తకం, ఎత్తిన చూపుడువేలు ఉంటే చాలు, బడికెళ్లని పిల్లాడు కూడా ఎవరో చెప్పేస్తాడు. మంచి బట్ట కడితే ఓర్వని ఊళ్లో ఆ కోటు ఉత్త అలంకారం కాదు. ఆ పుస్తకమూ అంతే.

కొత్త కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ విగ్రహాలు కోనసీమకు కొత్తేం కాదు, ఏళ్ల తరబడి ఉన్నవే. పేట మొగలో ఉన్నన్నాళ్లూ ఎలాగో ఓర్చుకున్న పేరు తమ ఇంటి చిరునామాలోకి వస్తోందనేసరికి తగలబెట్టేదాకా పోయారు. ఆ ఆగస్టులో జిల్లాకు ఆ పేరే ఖాయమైంది.