ఫ్యూజులో లావు తీగ... ప్రాణానికే ముప్పు

నాటు వేసి పదిహేను రోజులయింది. మడి నెర్రెలిస్తోంది. కరెంటు వచ్చింది గదా అని స్టార్టరు నొక్కితే టప్‌మని ఫ్యూజు పోయింది. తీగ కోసం ఊళ్లోకి వెళితే గంట పోతుంది. షెడ్డు మూలన పడి ఉన్న వైరు ముక్క ఒలిచి, నాలుగు రాగి పోగులు మెలేసి బిగిస్తాం. మోటారు నడుస్తుంది, నీళ్లు పారతాయి. 'గండం గడిచిందిలే' అనుకుంటాం. నిజానికి గండం అప్పుడే మొదలైంది. మోటారుకూ మనిషికీ ఉన్న కాపలాను మన చేత్తోనే తీసేశాం.

ఇదెలాగో తెలియాలంటే కరెంటు గురించి బడిపిల్లల సైన్సు పుస్తకంలో ఉండే నాలుగు ముక్కలు చాలు.

నీటి లెక్కే కరెంటు లెక్క

ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నీటికి అంత తోపుడు. కరెంటుకు ఆ తోపుడే వోల్టేజి. పైపులో పారే నీళ్ల లాంటివి ఆంపియర్లు. పైపు సన్నగా ఉంటే నీటికి అడ్డు ఎక్కువ. తీగలో ఆ అడ్డునే నిరోధం అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు పారతాయో తెలుస్తుంది.

కరెంటు పారిన తీగ వేడెక్కుతుంది. దీని లెక్కను 1841లో జౌల్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. మోటార్లు కాలిపోవడం వెనక ఉన్న కిటుకు ఇదే.

మోటారు ఎందుకు కాలుతుంది?

5 హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. లోవోల్టేజి వచ్చి 300కు పడిపోతే, అదే నీటిని ఎత్తడానికి సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. పెరిగింది రెండున్నర ఆంపియర్లే. కానీ వైండింగులో వేడి దాదాపు రెండింతలవుతుంది.

ఒక ఫేజు పోతే ఇంకా ప్రమాదం. మూడు ఎడ్లు లాగే బరువు రెండింటి మీద పడ్డట్టు, మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. వేడి మూడు రెట్లు. 'గుయ్' మని మూలుగుతూ నడిచే మోటారును అట్లాగే వదిలేస్తే వైండింగు మాడిపోతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు ఉచితమైనా వైండింగు ఉచితం కాదు. ఆ ఖర్చుకు తోడు, మోటారు బాగై వచ్చేలోపు పైరు ఎండుతుంది.

స్టార్టరులో ఉన్న తెలివి

తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుందని 1820లో ఆర్‌స్టెడ్ కనిపెట్టాడు. మన స్టార్టరులోని నోవోల్టు కాయిల్ పనిచేసేది అలాగే. కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతంలా కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోయినా, వోల్టేజి బాగా పడినా వదిలేస్తుంది.

పక్కనే ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. అందులో రెండు రకాల లోహాలు అతికించిన పట్టీలుంటాయి. కరెంటు మితిమీరితే అవి వేడికి వంగి మోటారును ఆపేస్తాయి. 'మాటిమాటికీ ఆగిపోతోంది' అని బటనుకు పుల్ల అడ్డం పెట్టడం, రిలేను తప్పించి వైరు కలపడం మన దగ్గర చూస్తూనే ఉన్నాం. ఇది మొరిగే కుక్క మూతి కట్టి నిద్రపోవడం లాంటిది.

మనిషికి కావలసింది 15 ఆంపియర్లు కాదు

ఒళ్లు పొడిగా ఉంటే చర్మం కరెంటును బాగా అడ్డుకుంటుంది. తడి మడిలో వట్టి కాళ్లతో నిలబడితే ఆ అడ్డు వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు. పాతకాలపు 60 వాట్ల బల్బు ఇంచుమించు అంతే తీసుకునేది. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

15 ఆంపియర్ల ఫ్యూజుకు ఈ 0.23 లెక్కలోకే రాదు. అంటే మనిషికి షాక్ కొట్టినంత మాత్రాన ఫ్యూజు పోదు. మరి మనిషిని కాపాడేదేది? ఎర్తు, ఫ్యూజు కలిసి కాపాడతాయి.

వైండింగు దెబ్బతిని మోటారు బాడీకి కరెంటు తగిలిందనుకుందాం. ఎర్తు బాగుండి, దారి మొత్తం నిరోధం 5 ఓమ్‌లే ఉంటే ఒక్కసారిగా 46 ఆంపియర్లు భూమిలోకి పారతాయి. సరైన ఫ్యూజు తీగ కొద్ది సెకన్లలో కరిగి కరెంటు ఆగిపోతుంది. మనం మెలేసిన లావు రాగి పోగులకు ఆ 46 ఒక లెక్క కాదు. అవి కరగవు. తీగ మందం రెండింతలైతే అది తట్టుకునే కరెంటు దాదాపు మూడింతలవుతుంది మరి!

ఎర్తు గొయ్యి ఎండిపోయి నిరోధం 100 ఓమ్‌లకు పెరిగిందా, పారేది 2.3 ఆంపియర్లే. అప్పుడు మంచి ఫ్యూజు కూడా కరగదు. మోటారు బాడీ, స్టార్టరు పెట్టె కరెంటుతోనే ఉంటాయి. మొదట చెయ్యి వేసినవాడి గతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

రైతులు గుర్తుంచుకోవలసినవి

* మోటారుకు తగిన ఫ్యూజు తీగను మెకానిక్‌ను అడిగి తెచ్చుకుని, నాలుగు మూరలు షెడ్డులోనే ఉంచుకోవాలి. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే తీగ మార్చడం కాదు, కారణం వెతకాలి.
* ఎర్తుకు రెండున్నర మీటర్ల పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయాలి. ఎండాకాలం తప్పకుండా నీళ్లు పోస్తుండాలి. మోటారుకూ స్టార్టరు పెట్టెకూ ఎర్తు తీగ గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకోవాలి.
* 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే ఆగిపోయే బ్రేకర్లు ఉన్నాయి. ఇంటికి ఒకటి పెట్టించుకుంటే మంచిది.
* స్టార్టరును తడి చేత్తో, వట్టి కాళ్లతో ముట్టుకోవద్దు. పొడి చెక్క మీద నిలబడాలి.
* ట్రాన్స్‌ఫార్మర్ జోలికి వెళ్లొద్దు. అక్కడున్నది 11,000 వోల్టులు. ఆ ఫ్యూజు వేయాల్సింది లైన్‌మన్ మాత్రమే. ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేయాలి.
* ఎవరికైనా మోటారు దగ్గర షాక్ కొడితే చేత్తో లాగొద్దు. ముందు మెయిను ఆపాలి. వీలుకాకపోతే పొడి కర్రతో విడిపించాలి. ఊపిరి ఆగితే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా రొమ్ము మధ్య నిమిషానికి వందసార్లకు తగ్గకుండా గట్టిగా నొక్కుతూ ఉండాలి.

ఫ్యూజు తీగ కోసం ఊళ్లోకి వెళ్లి వస్తే పోయేది గంటే. మడి ఒక గంట ఆగుతుంది. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు మాత్రం మనం తిరిగి రావాలి.