రెండో కాపీ ఎక్కడుంది?

హార్డ్‌డిస్క్ తెచ్చి కౌంటర్ మీద పెట్టినవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఇంకో కాపీ ఎక్కడుంది? ‘ఉందండీ’ అనేవాళ్లు మనం అనుకునేకంటే ఎక్కువే. ఎక్కడ అని రెట్టిస్తే అదే సంచీలో చెయ్యి పెట్టి రెండో డిస్క్ కూడా తీసి పక్కన పెడతారు. రెండూ ఒకేసారి పోయాయి కాబట్టే నా దగ్గరికి వచ్చారు మరి.

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న సర్వీస్ సెంటర్ నాది. ఒకప్పుడు కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ని, ఇప్పుడు పోయిన డేటా తీసిపెట్టడమే ప్రధాన వ్యాపారం. జనం జాగ్రత్తపడితే నాకు గిరాకీ తగ్గుతుంది. తగ్గినా ఫరవాలేదు, ‘ఇక రాదండీ’ అని చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడ్డం కష్టం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు లాగాక మా షాపంతా బురద వాసనే. పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన రెండు డిస్కులు పాలిథిన్ కవర్‌లో చుట్టి తెచ్చాడు.

‘‘రెండు చోట్ల పెట్టానన్నా. సిస్టంలో ఒకటి, ఎక్స్‌టర్నల్‌లో ఒకటి.’’

‘‘ఎక్స్‌టర్నల్ ఎక్కడుండేది?’’

‘‘బీరువాలో. కింద అరలో.’’

ఆయన చేసిన మంచి పని ఒకటుంది, వాటికి కరెంటు ఇవ్వలేదు. హార్డ్‌డిస్క్ అంటే గాలి కూడా చొరని డబ్బా అని చాలామంది అనుకుంటారు. మామూలు డిస్కులకు లోపలి గాలి, బయటి గాలి సమం కావడానికి సన్నటి బెజ్జం ఉంటుంది. రోజుల తరబడి మునిగితే నీళ్లు అందులోంచి దూరతాయి. లోపల పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటే, వాటిని చదివే హెడ్ పైన కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. అంతటి సన్న సందులో ఒండ్రు రేణువు ఒక్కటి పడితే చాలు, హెడ్ పళ్లేన్ని గీరుకుంటూ పోతుంది. గీసుకుపోయిన చోట ఉన్న డేటాను ఎంత డబ్బిచ్చినా ఎవరూ తేలేరు. అందుకే తడిసిన డిస్క్‌ను ఆన్ చేసి చూడొద్దు. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, బియ్యంలో పూడ్చొద్దు. ఎండితే బురద పళ్లేనికి అట్ట కడుతుంది కాబట్టి తడిగానే కవర్‌లో మూసి తేవడం మేలు. అలాంటివి దుమ్ములేని గది ఉన్న పెద్ద ల్యాబులకు పంపిస్తాం. అక్కడ పళ్లేలు శుభ్రం చేసి, అదే మోడల్ డిస్క్ ఇంకొకటి వెతికి, దాని హెడ్ తీసి దీనికి వేస్తారు. ఖర్చు పదుల వేలల్లోకి పోతుంది, దక్కుతుందన్న హామీ ఉండదు. ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ ఐదారు వేలకు కొన్న మనిషికి ఆ అంకె చెప్పడం నాకే ఇబ్బంది. ఫొటోగ్రాఫర్‌కు కొన్ని పెళ్లిళ్లు దక్కాయి, కొన్ని దక్కలేదు. ఆ ఎక్స్‌టర్నల్ గుణదలలో ఉన్న ఆయన బావమరిది ఇంటి మేడమీద ఉండుంటే ఈ గొడవే లేదు.

ఇది చదువుకోనివాళ్లకో చిన్న వ్యాపారులకో వచ్చే తిప్పలు అనుకోకండి. కంప్యూటర్ల వాడకంలో దక్షిణ కొరియాను మించిన దేశాలు తక్కువ. 2025 సెప్టెంబరు 26న అక్కడి డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీల దగ్గర మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ ఆఫీసు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ అందులోనే ఉంది. 858 టెరాబైట్లు కాలిపోయాయి. మరీ పెద్దది కావడంతో దానికి బయట ఇంకో కాపీ పెట్టలేదని అధికారులు చెప్పారు. బీరువా కింద అర అక్కడ కాస్త పెద్దది, అంతే తేడా.

నీళ్లు, నిప్పు కంటికి కనిపిస్తాయి. కనిపించని దారి తీగ. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఒకటి, లెక్కలన్నీ ట్యాలీలో. గుమాస్తా బుద్ధిమంతుడు, రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీస్తాడు. తీసి, దాన్ని కంప్యూటర్‌కే వదిలేస్తాడు. ఒక ఉదయం చూస్తే ప్రతి ఫైలుకూ తోక కొత్తది తగిలింది, ఏదీ తెరుచుకోదు, డబ్బు కడితే తాళం ఇస్తామని ఇంగ్లీషులో ఉత్తరం. రాన్సమ్‌వేర్ వైరస్‌కు తీగ అందినంత మేరా ఒకటే ఇల్లు. సీ డ్రైవ్, డీ డ్రైవ్, పెన్‌డ్రైవ్ అన్నీ కలిపి తాళం వేసింది. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ప్రపంచమంతటితో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. షాపు వాళ్ల అదృష్టం, ఆడిటర్ దగ్గర కిందటి ఏడాది డేటా ఉంది. మిగతాది బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించారు. పెన్‌డ్రైవ్ పీకి గుమాస్తా జేబులో వేసుకెళ్తే సరిపోయేది. ఆ పీకడానికి రెండు సెకన్లు పడుతుంది.

ఇంకో చిక్కు క్లౌడ్‌తో. ‘‘నాదంతా గూగుల్‌లో ఉందండీ’’ అని ధీమాగా చెప్పేవాళ్లకు నేనో ప్రశ్న వేస్తాను: ఫోన్లో ఒక ఫొటో డిలీట్ కొడితే అక్కడ ఉంటుందా, పోతుందా? గూగుల్ ఫొటోస్ యాప్‌లోంచి కొడితే పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉండి తర్వాత శాశ్వతంగా చెరిగిపోతుంది. అది మీ ఫోన్‌కూ క్లౌడ్‌కూ ఒకే పద్దు రాసే ఏర్పాటు. ఇక్కడ తప్పు రాస్తే అక్కడా అదే తప్పు ఎక్కుతుంది. ఫోన్ దొంగలు ఎత్తుకెళ్తే క్లౌడ్ కాపాడుతుంది, నిజమే. మనవడు ఆడుకుంటూ ఆల్బమ్ మొత్తం చెరిపేస్తే, రెండు నెలలు ఎవరూ గమనించకపోతే కాపాడదు. ప్రతి పండక్కీ ఫొటోలన్నీ ఒక డిస్క్‌లోకి దించి పక్కన పెట్టుకోమంటాను.

డిలీట్ అయినవి మీరు తీస్తారుగా అంటారు. పాత హార్డ్‌డిస్కుల్లో అయితే చాలాసార్లు తీసేవాణ్ని, ఎందుకంటే ఫైలు చెరిపినా దాని పేరు మాత్రమే జాబితాలోంచి పోయేది, సరుకు అలాగే ఉండేది. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపుల్లో దాదాపు అన్నీ ఎస్ఎస్‌డీలే. చెరిపిన భాగాన్ని ఖాళీ చేసుకోమని ట్రిమ్ అనే ఆదేశం కంప్యూటరే పంపుతుంది, కాసేపటికి అక్కడ సున్నాలే మిగులుతాయి. కొత్త ఫోన్లు మరీ కష్టం. లోపలి నిల్వంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి బోర్డు పూర్తిగా చచ్చిపోతే చిప్ ఊడదీసి చదివినా అర్థంలేని అంకెలే. మా వృత్తి చేతిలో మంత్రాలు ఏటికేడు తగ్గుతున్నాయి.

కాపీని దూరంగా పెట్టడం సగం పని. అది పనిచేస్తుందో లేదో చూడటం మిగతా సగం, ఇది మాత్రం ఎవరూ చెయ్యరు. 1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా తీస్తుండగా ఎవరో కొట్టిన ఒక చెరిపివేత ఆదేశంతో ఫైళ్లు మాయమవడం మొదలైంది. బ్యాకప్ టేపులు తెచ్చి చూస్తే అవి సరిగా ఎక్కలేదు. గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్‌కు అప్పుడే బిడ్డ పుట్టడంతో ఆమె ఇంటినుంచి పనిచేస్తున్నారు, ఆమె ఇంటి కంప్యూటర్లో సినిమా కాపీ ఉంది. ఆ యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి కారులో పెట్టుకుని తెచ్చుకున్నారు. తర్వాత కథ నచ్చక చాలావరకు మళ్లీ తీశారనుకోండి, అది వేరే సంగతి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటాబేస్ చెరిపేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి, ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. ఒక ఏర్పాటు తప్పు వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తూ ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. విఫలమైందని అది పంపే ఈమెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురయ్యాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ ఇంజనీరే అంతకు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన కాపీ వాళ్లను ఒడ్డున పడేసింది. తప్పులన్నీ వాళ్లే బయటపెట్టి రాసుకున్నారు, నాకు ఆ సంస్థ మీద గౌరవం కలిగింది అప్పుడే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో చెప్పిన 3-2-1 సూత్రం మా వృత్తిలో అందరికీ నోటికి వచ్చు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. మామూలు ఇంటికి ఇలా చెబుతాను: ల్యాప్‌టాప్‌లో ఒకటి, పని కాగానే పీకేసే ఎక్స్‌టర్నల్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో అన్నయ్య ఇంట్లోనో ఒకటి. అన్నిటినీ దాచాల్సిన పని లేదు. సినిమాలు మళ్లీ దొరుకుతాయి. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, నాన్నగారి గొంతు ఉన్న వాట్సాప్ ఆడియోలు దొరకవు.

కాపీ ఉంటే చాలదు, అందులోది తెరిచి చదవగలగాలి కూడా. ఈమధ్య ప్రెస్ నడిపే పెద్దాయన ఒకరు పాత సీడీలు తెచ్చారు. ఇరవై ఏళ్లనాటి పుస్తకాలు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. సీడీలు భేషుగ్గా చదివాయి. ఫైల్ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరసగా వచ్చాయి. అవి యూనికోడ్‌లో చేసినవి కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అలాగే కనిపిస్తాయి.

‘‘మా ప్రెస్‌లో బాగానే వస్తుందే!’’ అన్నారాయన కంగారుగా.

‘‘మీ ప్రెస్‌లో ఆ పాత సిస్టం ఉన్నన్నాళ్లూ వస్తుందండీ.’’

ఆయన సిస్టంనే మా షాపుకు తెప్పించి, పుస్తకాలన్నీ ముందు పీడీఎఫ్‌లుగా తీశాం. యూనికోడ్‌లోకి మార్చే పని ఇంకా నడుస్తోంది. ఒత్తులు, వట్రుసుడులు తేడా వస్తుంటాయి కాబట్టి ప్రతి పేజీ ఒకరు కూర్చుని దిద్దాలి.