ఈతలో తల ఎత్తకండి

వేసవిలో ఈత నేర్చుకునేవారు కొందరు మెడనొప్పితో మా ఓ.పి.కి వస్తారు. తల ఎత్తి ముందుకు చూస్తూ ఈదుతున్నారా అని మేము ముందుగా అడుగుతాము.

పెద్దవారి తల సుమారు 4 నుండి 5 కిలోల బరువు ఉంటుంది. నీటిలో ఉన్నంతసేపు ఆ బరువును నీరే మోస్తుంది. పైకెత్తితే మెడ కండరాలు మోయాలి. పైగా తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగిపోయి, త్వరగా ఆయాసం వస్తుంది.

ఫ్రీస్టయిల్‌లో ముఖం నీటిలో ఉంచి అడుగువైపు చూడాలి. గాలి నీటిలోనే వదలాలి. పీల్చేటప్పుడు తలను భుజంతోపాటు పక్కకు తిప్పితే చాలు, ఒక కన్ను నీటిలోనే ఉంటుంది. చాలామందికి తల లేచేది భయంవల్లనే. కనుక పిల్లలను కసరకండి, నడుములోతు నీటిలో గట్టు పట్టించి అలవాటు చేయించండి.

నొప్పి చేతిలోకి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఈత ఆపి డాక్టరుగారికి చూపించాలి.