వేపమండ కట్టిన ఇంటిని వెలివేస్తామా?

మా చిన్నప్పుడు ఇంట్లో పిల్లకి అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు. అది చూడగానే చంటిబిడ్డ తల్లి ఆ గడప తొక్కేది కాదు. పక్కింటి పిన్నిగారు మాత్రం మజ్జిగ చెంబు తెచ్చి అరుగు మీద పెట్టి, "పిల్లకెలా ఉందే?" అని బయటినుంచే పలకరించి వెళ్లేవారు. జబ్బుందని చెప్పుకుంటే సాయమే అందేది.

ఇప్పుడా వేపమండ పనిని జన్యు పరీక్షలు చేస్తున్నాయి. అదేమిటంటారా? ఆవకాయ కొలతలే అనుకోండి! అత్తగారి పుస్తకంలోంచి రాసుకుంటూ మీరు 'గిద్దెడు మెంతులు' బదులు 'సోలెడు' అని రాశారు. మీ దగ్గర మీ చెల్లెలు, ఆమె దగ్గర స్నేహితురాలు రాసుకుంటే ఆ తప్పూ వెంట వెళ్తుంది. పుస్తకాలన్నీ పక్కపక్కన పెడితే ఎవరిది ఎవరు చూసి రాశారో ఇట్టే తెలిసిపోతుంది. వైరస్ కూడా అంతే. ఒంట్లో తనను తాను తిరగరాసుకుంటూ అక్షరాలు తప్పుతుంది. కరోనా వైరస్‌లో అలాంటి అక్షరాలు దాదాపు 30,000. వాటిని చదివితే జబ్బు ఎటునుంచి వచ్చిందో, ఎలా మారుతోందో తెలుస్తుంది.

అయితే ఆ చదువు ఎక్కడ జరగాలి?

నమూనాలు విమానమెక్కాయి

2014లో పశ్చిమ ఆఫ్రికాని ఎబోలా కమ్మేసింది. సియెర్రా లియోన్‌లోని కెనెమా ప్రభుత్వాసుపత్రిలో పెద్ద నర్సు ఎంబాలు ఫోనీ. గర్భిణి అయిన తోటి నర్సుకి ఎబోలా సోకితే, ఆమెకి సేవ చేస్తూ తనూ జబ్బు పడి, జులైలో కన్నుమూశారామె. ఆ ఆసుపత్రి రోగుల రక్తం నమూనాలని అమెరికా పంపి, 78 మందివి, మొత్తం 99 జన్యుక్రమాలు చదివించారు. జబ్బు జంతువులనుంచి మళ్లీ మళ్లీ రావడం లేదనీ, మనిషినుంచి మనిషికే పాకుతోందనీ తేలింది. ఆగస్టులో ఆ పరిశోధన అచ్చయ్యేసరికి, అందులో పేర్లున్న వారిలో అయిదుగురు ఎబోలాకి బలయ్యారు. ఫోనీ, మరో నర్సు ఆలిస్ కొవోమా వారిలో ఉన్నారు.

సొంతగడ్డ మీదే

నమూనా తీసిన చోటే చదవాలన్న పట్టుదల ఆ కష్టంలోంచి మరింత బలపడింది. 2020 మార్చిలో నైజీరియాలోని ఎడే పట్టణంలో శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోనే తొలి కరోనా జన్యుక్రమాన్ని చదివారు. అదే ఏడాది అక్టోబరులో ఆఫ్రికా సీడీసీ దేశదేశాల ప్రయోగశాలలకి యంత్రాలు, శిక్షణ అందించే కార్యక్రమం మొదలుపెట్టింది.

2021 నవంబరు 19. జోహన్నెస్‌బర్గ్‌లోని ఒక ప్రయోగశాలలో రాకెల్ వియానా ఎనిమిది నమూనాలు చదివారు. అన్నింట్లోనూ కుప్పలుగా మార్పులు! తను ఏదైనా పొరపాటు చేశానా అని భయపడ్డారు. తోటి శాస్త్రవేత్తల్ని అడిగి, మళ్లీ సరిచూసుకున్నారు. 25న దక్షిణాఫ్రికా ప్రపంచానికి చెప్పేసింది. మర్నాడే దానికి 'ఒమిక్రాన్' అని పేరు పెట్టారు.

మెచ్చుకున్నారా? రోజు తిరక్కుండా బ్రిటన్ విమానాలు ఆపేసింది. చాలా దేశాలు అదే బాట పట్టాయి. తీరా చూస్తే, నెదర్లాండ్స్‌లో నవంబరు 19న తీసిన నమూనాలోనే ఒమిక్రాన్ ఉంది! నిజం చెప్పిన వాళ్లకి దక్కింది శిక్ష.

మన ఇంట్లో...

మన దేశంలో 2020 డిసెంబరులో పది ప్రయోగశాలలతో 'ఇన్సాకాగ్' ఏర్పడింది. అందులో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, మన హైదరాబాద్‌వే. యంత్రాలుంటే సగం పనే అయినట్టు. ముక్కులోంచి నమూనా తీసే నర్సమ్మ, దాన్ని చల్లదనం చెడకుండా చేర్చే మనిషి, ఇవ్వడానికి ఒప్పుకునే రోగి... వీళ్లలో ఏ ఒక్కరు వెనకడుగు వేసినా ఎంత పెద్ద యంత్రమైనా గుడ్డిదే.

రోగి ఎందుకు వెనకాడతాడు? 'బయటపడితే నలుగురూ ఏమంటారో' అనే కదా! కరోనా రోజుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న వాళ్లనీ, పలకరింపు మానేసిన వాళ్లనీ చూడలేదూ? దేశాలు చేసిన తప్పే మన వీధుల్లోనూ జరిగింది.

ఈసారి పక్కింట్లో జ్వరమని తెలిస్తే దూరంగానే ఉండండి, ఫర్వాలేదు. కానీ ఆ మజ్జిగ చెంబు మాత్రం అరుగు మీద పెట్టి రండి. అప్పుడే రేపు ఇంకో ఇల్లాలు ధైర్యంగా వేపమండ కడుతుంది.