ఒక్క రాత్రికి ఏ గుడారం?

“ఏమండీ, ఈ ఏడు కూడా సైకిళ్ళ మీదేనా? అబ్బాయికి మళ్ళీ జ్వరం తెప్పించి తీసుకొస్తారా?” అని మా శ్రీమతి అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అంతకు ముందు రెండేళ్ళూ తప్పు నాదే మరి.

ప్రియ పాఠకులారా, ప్రతి సంక్రాంతి సెలవుల్లో మా సంఘంలోని నలుగురు యౌవనస్థులతో, మా అబ్బాయితో కలిసి ఒక రాత్రి సైకిలు ప్రయాణం పెట్టుకుంటాను. తెల్లవారుతుండగా దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి, ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి, సాగర్ రోడ్డు పట్టుకొని, తుర్కయాంజాల్ మీదుగా ఇబ్రహీంపట్నం చేరుకుంటాం. ఎల్.బి.నగర్ నుండి సుమారు 25 కిలోమీటర్లు. అక్కడి పెద్దచెరువు చూసుకొని, మరికొంత దూరం పోయి, తెలిసినవారి మామిడితోటలో ఆ రాత్రి గడిపి, మరునాడు తిరిగి వస్తాం. ఇంత చిన్న ప్రయాణానికి తల దాచుకోను ఏమి తీసుకెళ్ళాలో తెలుసుకోవడానికి మాకు మూడేళ్ళు పట్టింది. మీ ఊరి పిల్లలు ఇటువంటి ప్రయాణానికి బయలుదేరితే వారికి ఈ సంగతులు పనికి వస్తాయని రాస్తున్నాను.

మొదటి ఏడు: బరువు

ఒక స్నేహితుని దగ్గర పాత కాన్వాసు గుడారం అడిగి తెచ్చాను. కర్రలతో, మేకులతో కలిపి తొమ్మిది కిలోలు. అంతా ఒకే మూటగా చుట్టి మా అబ్బాయి సైకిలు క్యారియర్ మీద ట్యూబు రబ్బరుతో బిగించాను. వెనుక బరువు ఎత్తుగా ఉంటే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఎదురెక్కే దారిలో ఒక లారీ పక్కనుండి దూసుకుపోయింది. ఆ గాలికి వాడు తూలి ఎడమవైపు మట్టిలో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. కుడివైపు పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

రెండవ ఏడు: ప్లాస్టిక్ పట్టా

బరువే శత్రువు అనుకొని రెండవసారి మనిషికొక పలుచని ప్లాస్టిక్ పట్టా మాత్రం తీసుకెళ్ళాం. సైకిళ్ళు హాయిగా సాగాయి. రాత్రి మాత్రం సాగలేదు. చలికి, దోమలకు తాళలేక అందరం పట్టాలు నిండా చుట్టుకొని పడుకున్నాం. తెల్లవారేసరికి బట్టలన్నీ తడి! వాన పడలేదు. మన ఊపిరిలోని తేమే ప్లాస్టిక్‌కు తగిలి నీరుగా మారుతుంది. గాలి ఆడని ఏ గుడారంలోనైనా ఇదే జరుగుతుంది. రెండు వారాలకు మా అబ్బాయికి చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా అన్నారు. ఆ రాత్రి దోమే కారణమని నేను రుజువు చేయలేను. అయినా పదో తరగతి పరీక్షల ముందు వాడికి పది రోజుల బడి పోయింది. మందులతో కోలుకున్నాడు.

తూచవలసినది ఏమిటి?

గుడారాలు కుట్టడం అపొస్తలుడైన పౌలు చేతిపని అని మనకు తెలుసు. సైకిలు మీద మోసుకుపోయే తేలిక గుడారాన్ని వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కూడా ఒక దర్జీయే. ఇంగ్లండుకు చెందిన థామస్ హైరం హోల్డింగ్ 1897లో ఐర్లాండులో సైకిళ్ళ మీద తిరుగుతూ గుడారాల్లో బస చేశాడు. 1901లో సైకిలు శిబిరాల వారికి ఒక సంఘాన్నీ స్థాపించాడు. ఆయన దేశంలో బాధ వాన, చలిగాలి.

మన బాధ వేరు. అదే 1897లో, ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అందుచేత మన ప్రాంతంలో గుడారం కొనేముందు తూచవలసినది దాని బరువు ఒక్కటే కాదు, ఆ రాత్రి మన మీదికి వచ్చేదేమిటో కూడా. జనవరిలో ఇక్కడ వాన అరుదు. వచ్చేవి దోమ, మంచు, చలి, నేలమీద పాకే పురుగుపుట్ర. కట్లపాము రాత్రిపూట నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి అంతగా తెలియదు, విషం మాత్రం ప్రాణాంతకం. అనుమానం కలిగినా మంత్రాలకు, పసర్లకు పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మూడవ ఏడు: దోమతెర

ఈ లెక్కన మొదట కావలసినది దోమతెర, తరువాత కింద పరచుకోను పట్టా, చివరకే పైకప్పు. రెండు చెట్ల నడుమ నైలాన్ తాడు బిగించి, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గల తేలిక టార్పాలిన్‌ను దానిమీద ఇంటికప్పులా వాల్చాం. రెండు కొసలూ తెరిచే ఉంచాం గనుక గాలి ఆడింది. అదే తాడుకు కింద దోమతెర వేలాడదీశాం. తెర అంచులు చాప కిందికి పూర్తిగా మడవాలి. లేకపోతే అది ఉన్నా లేనట్టే. ఒళ్ళు తెరకు ఆనినా దోమ బయటినుండే కుడుతుంది. అంతా కలిపి కిరాణా తరాజులో తూచితే మనిషికి రెండు కిలోలలోపే తేలింది.

కొనగలిగినవారికి బజారులో ఒక మనిషి గుడారాలు ఒకటిన్నర, రెండు కిలోల్లో ఉన్నాయి. లోపల వల, పైన విడిగా కప్పు ఉన్న రెండు పొరలవి తీసుకోండి. ఒకే పొరది తేలికే గాని లోపల చెమ్మ పడుతుంది. వలతో కూడిన ఉయ్యాల ఇంకా తేలిక. అయితే గట్టి చెట్లు రెండు దొరకాలి. చలికి మాత్రం మన గొల్ల కురుమల గొంగడిని మించినది నాకు కనబడలేదు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. బరువుగా ఉంటుంది గనుక ఇద్దరికి ఒకటి చాలునని సర్దుకున్నాం.

మరి కొన్ని జాగ్రత్తలు. బరువును అందరూ పంచుకొని, క్యారియర్‌కు రెండు పక్కలా కిందికి కట్టండి. ఎండిన చెరువు కడుపులో, పుట్టల దగ్గర, ఎండు కొమ్మల కింద పడుకోకండి. స్థలం యజమానిని అడగకుండా దిగకండి. వేసవిలో ఉరుముల వాన వస్తే గుడారాన్ని, ఒంటరి చెట్టును నమ్మక పక్కా ఇంట్లోకి వెళ్ళండి.

ఇంతకూ మా శ్రీమతి ప్రశ్న సంగతి చెప్పలేదు గదా! సామానంతా ఆమె ముందు పరచి చూపించాను. ఆమె దోమతెరను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది చాప కిందికి అందదు” అని, పాత చీర చించి చుట్టూ జానెడు అంచు కుట్టి ఇచ్చింది. ఆ రాత్రి తోటలో ఆ అంచును చాప కింద మడుస్తూ మా అబ్బాయి, “నాన్నా, ఈసారి గుడారం అమ్మ కుట్టింది” అన్నాడు. తెల్లవారి లేచి చూసుకుంటే ఒక్క దోమకాటు లేదు. రెండు వారాలు ఎదురుచూశాం. జ్వరమూ రాలేదు.