పాత మోటారుబండి వెనుక బ్రేకుల నిదానము



ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు సుమారు 30 కిలోమీటర్ల బాటలో నేటికిని అప్పుడప్పుడు పాత అంబాసిడరు కార్లు కానవచ్చుచున్నవి. వంగదేశమున ఉత్తర్‌పారా కర్మాగారములో వీని నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినను, పెండ్లికి పెద్దలను తెచ్చుటకును, రోగిని కర్నూలు ఆసుపత్రికి చేర్చుటకును ఇంటివారు నమ్ముకొన్న బండ్లు కొన్ని మిగిలియున్నవి. ఇట్టి బండి బ్రేకు వేసినంతనే వెనుకనుండి కీచుమని అరచుటయు, ఒక్కొక్కమారు ఎవరో పట్టి లాగినట్లు చక్రము ఠక్కున బిగియుటయు కలదు. అరచుట చెవికి బాధ. బిగియుట ప్రాణమునకే బాధ. వాన కురిసి నల్లరేగడి బురద బాటమీదికి వచ్చిన వేళ వెనుక చక్రము ముందుగా బిగిసెనా, అది దొర్లుట మాని జారును. బండి వెనుకభాగము ప్రక్కకు తిరిగిపోవును. కావున ఈ రోగమును ఉపేక్షింపరాదు.

ముందుగా ఈ బ్రేకు పనిచేయు విధమును వినుడు. చక్రముతో కూడ తిరుగు పోతయినుప డ్రమ్ము ఒకటి కలదు. 1902వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు లూయీ రెనో ఇట్టి బ్రేకును మోటారుబండికి కూర్చెను. డ్రమ్ము లోపల, తిరుగని యొక పలకమీద, అర్ధచంద్రాకారముగల షూలు రెండు అమర్పబడియుండును. వాని వీపున లైనింగు అను గట్టి పట్టీ అతికింపబడియుండును. పెడలును నొక్కగా గొట్టములలోని బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని చక్రము కడకు కొనిపోయి షూలను వెలుపలికి నెట్టును. లైనింగు డ్రమ్మును ఒరసికొన్నంతనే వేగము తగ్గును. పాదము తీయగానే స్ప్రింగులు షూలను వెనుకకు లాగును.

ఇందొక విశేషము కలదు. రెండు షూలలో ఒకదానిని తిరుగుచున్న డ్రమ్మే తనవైపు ఈడ్చుకొనును. అందువలన మనము నొక్కిన బలముకంటె మిక్కిలి బలముతో అది పట్టును. ఇది గుణమే, కాని ఒరపిడి యించుక పెరిగినను పట్టు ఎన్నోరెట్లు పెరుగుటకును ఇదియే కారణము. చక్రము ఠక్కున బిగియుటకు మూలమిక్కడ నున్నది.

నిదానమను మాటకు తెలుగున తొందరలేమి యని యర్థము. వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట యని యర్థము. ఈ పనికి రెండర్థములును కావలయును. అరుపు వినినంతనే లైనింగులు మార్చుట, జ్వరకారణ మరయక కషాయము పోయుట వంటిది. మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములే ఇక్కడ ఉపాయము: అది యున్నప్పుడు ఇది యుండుట, అది లేనప్పుడు ఇది లేకుండుట.

హ్యాండ్ బ్రేకు అంబాసిడరులో వెనుక చక్రములను మాత్రమే పట్టును. కావున జనసంచారము లేని చదునైన చోట, మనిషి నడకపాటి వేగమున బండిని పోనిచ్చి, పెడలు త్రొక్కక హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగి చూడవలయును. అదే చప్పుడు, అదే పట్టు కలిగెనేని దోషము వెనుకనే కలదు. అట్లు కాక పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే కలిగినచో, ముందు చక్రములనుగూడ పరీక్షింపవలయును.

పిమ్మట చప్పుడును పోల్చుకొనవలయును. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరులో, మగ్గము చప్పుడు మారినంతనే ఏదో సడలినదని నేతగానికి తెలియును. మనకును అట్టి చెవి కావలయును. తెల్లవారి మంచునకు గాని రాత్రి వానకు గాని డ్రమ్ములో సన్నని తుప్పు పట్టి, మొదటి రెండుమూడు బ్రేకులకు అరచి ఆపై మానినచో అది రోగము కాదు. ఎప్పుడును కీచుమనుచున్నచో దుమ్ము చేరుటయో, లైనింగు అద్దమువలె నునుపెక్కుటయో, స్ప్రింగు సడలుటయో కారణము. చక్రము ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్కమారు పట్టి వదలుచు పెడలు అదరుచున్నచో డ్రమ్ము గుండ్రదనము తప్పినదని యెరుగునది. గరగరమని ఇనుము ఇనుమును గీచు ధ్వని వచ్చెనా, లైనింగు అరిగి రివెట్లు తేలినవి. బండిని అక్కడనే నిలుపవలయును.

అన్నిటికంటె మోసకరమైనది చమురు. నేనెరిగిన యొక రైతు బండికి ఒకే యేట రెండుమారులు క్రొత్త లైనింగులు వేసిరి. కొన్ని దినములకే ఎడమ చక్రము మరల బిగియసాగెను. కడపట నిదానముగా చూచిన పనివానికి, ఇరుసుకొననున్న ఆయిల్ సీలు అరిగి, గేర్ ఆయిలు సన్నగా డ్రమ్ములోనికి దిగుచున్నట్లు కనబడెను. లైనింగునకు కొద్దిగా చమురంటి జిగురెక్కినచో చక్రము బిగియును. బాగుగా తడిసినచో బ్రేకే పట్టదు. సీలు మార్చినను చమురు మరల వచ్చినచో, ఇరుసుపెట్టెలో ఆయిలు మితిమీరినదేమో, పెట్టె ఊపిరిరంధ్రము దుమ్ముతో పూడినదేమో చూడవలయును. పత్తిబండ్ల రాకపోకలచే దుమ్ములేచు మన బాటలలో ఇది అరుదు కాదు. చమురు చిక్కగా నుండి ఘాటైన వాసన కలదేని అది గేర్ ఆయిలు. పలుచగా నుండి, పైనున్న బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము తగ్గుచున్నదేని చక్రములోని సిలిండరు కారుచున్నది.

చమురు త్రాగిన లైనింగును పెట్రోలుతో కడిగినను, మంటపై కాల్చినను నమ్మరాదు. లోనికి ఇంకినది వేడికి మరల పైకి వచ్చును. మొదట కారుటను కట్టి, పిదప కుడియెడమ చక్రములు రెండింటికిని ఒకేమారు లైనింగులు మార్చవలయును. ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క పాతది యున్నచో బండి ఒకవైపునకే లాగును. డ్రమ్మును లేత్‌పై నునుపు చేయించుటకును ఒక హద్దు కలదు. మిక్కిలి పలుచనైన డ్రమ్మును వాడరాదు.

పనిచేయువారు ఎరుగవలసినవి రెండు కలవు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టినేలపై ముందు చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, ఇరుసు క్రింద బలమైన ఆధారముంచిన పిమ్మటనే హ్యాండ్ బ్రేకు వదలి డ్రమ్ము తీయవలయును. రెండవది, పాత లైనింగులలో ఆస్బెస్టాసు అను రాతినార యుండవచ్చును. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదుటయు, గాలిగొట్టముతో కొట్టుటయు కూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు విషము. తడిబట్టతో తుడిచి, ఆ బట్టను మూటగట్టి పారవేయవలయును.

మీరు స్వయముగా పాన పట్టనక్కరలేదు. బండిని పనివానికి అప్పగించునప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: దోషము ఏ చక్రమున కలదు? చమురు ఎక్కడనుండి వచ్చినది? రెండు ప్రక్కలను సమముగా చేసితివా? ఈ మూటికిని డ్రమ్ము విప్పి చూపి బదులు చెప్పినవాని చేతికే మీ యింటివారి ప్రాణములను అప్పగింపుడు.