పంటిని తొలిచే పురుగు ఏది?

పన్ను పుచ్చితే ‘పురుగు పట్టింది’ అంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఎక్కడైనా పెద్దల నోట ఈ మాట వింటాం. పొగ పట్టించి పురుగులు తీస్తామనేవాళ్ళూ ఉంటారు. కాని పుచ్చిన పంటిని భూతద్దంతో వెదికినా పురుగు కనిపించదు. మరి ఆ రంధ్రం ఎవరి పని?

1683లో హాలండు దేశస్థుడు లీవెన్‌హాక్ తన పళ్ళ సందుల్లోని పాచిని తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో చురుగ్గా కదిలే సూక్ష్మజీవులు కనిపించాయి! మనుషుల నోళ్ళలో ఇప్పటికి సుమారు 700 జాతుల బాక్టీరియాలను గుర్తించారు. ఇవన్నీ మన శత్రువులు కావు. చాలా జాతులు మనకు హాని చేయవు. పైగా చోటంతా తామే ఆక్రమించుకుని, బయటినుంచి వచ్చే రోగక్రిములను నిలవనీయవు.

చిక్కంతా తీపితో వస్తుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బాక్టీరియాలు చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పంటిమీద పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గితే పింగాణీ పొరలోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. అప్పుడు లాలాజలం ఆమ్లాన్ని తటస్థీకరించి, పోయిన ఖనిజాలను కొంత తిరిగి చేరుస్తుంది. ఇందుకు అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది.

ఒక పిల్లవాడు అన్నంతోపాటు బెల్లం ఉండ తినేశాడనుకోండి. ఆమ్లం దాడి ఒక్కసారే. మరొకడు అదే ఉండను రోజంతా కొంచెం కొంచెం కొరికితే దాడి పదిసార్లు! లాలాజలానికి తీరిక దొరకదు. ఆమ్లాన్ని తట్టుకునే బాక్టీరియాలు పెరుగుతాయి, మంచివి తగ్గిపోతాయి. కాబట్టి తీపి ఎంత తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమే.

పళ్ళమీద కనిపించే ప్రతి మచ్చా సూక్ష్మజీవుల పని కాదు. పులివెందుల ప్రాంతంలో కొన్నిచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని చిన్నతనంలో ఏళ్ళ తరబడి తాగితే పళ్ళపై గోధుమరంగు చారలు వస్తాయి. ఎంత తోమినా అవి పోవు. విచిత్రమేమంటే, అదే ఫ్లోరైడు కొద్దిగా ఉంటే పింగాణీకి ఆమ్లాన్ని తట్టుకునే బలమిస్తుంది!

పాచిని తొలగించకపోతే గట్టిపడి గార కడుతుంది. చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. అందుకే రాత్రి పళ్ళు తోముకోవడం మరీ అవసరం. తోమాక ఇక ఏమీ తినకండి. పంటిమీద నల్లమచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా దంతవైద్యునికి చూపించండి. రంధ్రం పంటి లోపలి నరందాకా పోతే దవడ వాస్తుంది, పన్నే పోవచ్చు. పాలపళ్ళు ఊడితే మళ్ళీ వస్తాయి. మీ వయసులో ఊడినవి మళ్ళీ రావు.